పండ్లు చూసి ఎద్దు, మీటరు చూసి కారు

ఎర్రమల కొండల తూర్పు అంచున ఉంది అవుకు. అక్కడి నుంచి కోవెలకుంట్ల మీదుగా నంద్యాల, ఆళ్లగడ్డ దాకా ఎక్కువ భాగం నల్లరేగడి. వాన పడితే కాళ్లు దిగబడే నేల, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చే నేల. అందులో మడక దించాలన్నా, గుంటక తోలాలన్నా ఎద్దు ఒంట్లో సత్తువ ఉండాలి. ట్రాక్టర్లు రాకముందు ఈ సీమ రైతుకు పొలం తర్వాత పెద్ద ఆస్తి ఎద్దుల జతే. దాన్ని కొనేచోట మోసపోతే ఆ ఏడు సేద్యం దెబ్బతిన్నట్టే. ఫోన్‌లో ఫొటో చూసి పాత కారు కొనేవాడి గుబులు కొత్తదేమీ కాదు. దాని చరిత్ర పశువుల సంతలో మొదలవుతుంది.

సంతలో మొదటి మాట "పండ్లు చూపించు". పశువుకు పైదవడలో ముందు పండ్లు ఉండవు. కింది దవడలో ఉండే ఎనిమిదే వయసు చెబుతాయి. రెండేళ్లు దాటాక నడిమి పాలపండ్లు రాలి ఆ చోట పెద్ద పండ్ల జత వస్తుంది. అప్పుడది రెండు పండ్ల కోడె. ఆ తర్వాత జతకు జత చొప్పున నాలుగు, ఆరు వేసి, అయిదేళ్ల ప్రాయానికి ఎనిమిదీ నిండుతాయి. అక్కడి నుంచి ఇక అరగడమే. కొనేవాడు ఒక చేత్తో ముక్కుతాడు బిగించి, రెండో చేతి వేళ్లు దవడ పక్క సందులో దూర్చి, కింది పెదవిని కిందికి లాగుతాడు. పండ్లు నిలువుగా, అంచు పదునుగా, ఒకదానికొకటి ఆనుకుని ఉంటే ఒక ధర. మొద్దుబారి మధ్య సందులు తేలితే ఇంకో ధర. అమ్మేవాడు "ఆరు పండ్లే మామా, మొన్ననే వేసింది" అని ఎంత ఒట్టు పెట్టినా వేలికొసకు తగిలిందే లెక్క.

పండ్లు చూసే కన్ను పెరిగేకొద్దీ దాన్ని మరిపించే విద్యా పెరిగింది. ముసలి ఎద్దు కొమ్ములు గీకి నూనె రాస్తే నిగనిగలాడతాయి. తెల్లారుజామున ఉప్పు తినిపించి కడుపునిండా నీళ్లు తాగిస్తే డొక్కలు పూడుకుని ఒళ్లు చేసినట్టు కనబడుతుంది. ఎనుమునో ఆవునో అమ్మేవాడైతే ముందు పూట పాలు పితకకుండా వదిలేస్తాడు. సంతకు వచ్చేసరికి పొదుగు బిగిసి పూటకు ఎన్ని లీటర్లిస్తుందో అనిపిస్తుంది. కుంటిదాన్ని మెత్తటి దుమ్ములో నడిపిస్తే కుంటు తెలియదు. అందుకే అనుభవం ఉన్నవాడు గట్టి నేల మీద నడిపించమంటాడు. సుడి ఎక్కడుందో చూసేది శకునం కోసం, నడక చూసేది సేద్యం కోసం. రెండూ చూడందే బేరం కదలదు.

బేరం కుదిర్చేది దళారి. భుజం మీద తుండుగుడ్డ తీసి చేతుల మీద కప్పుతాడు. దాని కింద అతని వేళ్లు, ఎదుటివాడి వేళ్లు మాట్లాడుకుంటాయి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, మొత్తం చెయ్యి పట్టుకుంటే అయిదు. వందలా వేలా అన్నది సరుకును బట్టి ఇద్దరికీ తెలుసు. చుట్టూ మూగినవాళ్లకు మొహాలే తప్ప ధర కనిపించదు. దక్షిణాదిలో చాలా పశువుల సంతల్లో ఈ పద్ధతి నడిచింది, కొన్నిచోట్ల ఇప్పటికీ నడుస్తోంది. ధరను పదిమంది నుంచి దాచే ఆ గుడ్డ దళారికీ పనికొచ్చేది. అమ్మేవాడికి ఒక అంకె, కొనేవాడికి మరో అంకె చెప్పి మధ్యలోది మింగేసే వీలు అక్కడే ఉంది.

అయినా సంతకు తనవైన కాపుదలలు ఉండేవి. ఎద్దును కాడికి కట్టి చూడనిదే చాలామంది డబ్బు చేతిలో పెట్టేవారు కాదు. బయానా ఇచ్చేది సరుకు కంటితో చూసి, చేత్తో తడిమాకే. సంత గుత్తేదారు రుసుం తీసుకుని రాసిచ్చే రశీదులో పశువు రంగు, గుర్తులు ఉంటాయి. దారిలో ఎవరైనా దొంగసొత్తని పట్టుకుంటే అదే సాక్ష్యం. ఆంధ్రప్రదేశ్ 1966లో తెచ్చిన మార్కెట్ల చట్టం పేరులోనే వ్యవసాయ ఉత్పత్తులతో పాటు పశుసంపద కూడా ఉంది. వీటన్నిటికంటే గట్టి కాపుదల ఇంకొకటి. మోసం చేసిన దళారి వచ్చే వారం అదే సంతలో, అదే చెట్టుకింద నిలబడాలి. అతని ఊరు తెలుసు, ఇంటిపేరు తెలుసు.

రశీదు విలువ ఇక్కడివాళ్లకు ఇంకో కారణంగానూ తెలుసు. కోవెలకుంట్ల తాలూకాలోని అవుకు బ్రిటిషువాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉంటే, పక్కనున్న బనగానపల్లె నవాబు సంస్థానం. 1948లో విలీనమయ్యే దాకా ఆ పొలిమేర దాటితే ఏలికే వేరు, అక్కడ పశువు తనదేనని చెప్పుకోవడానికి చేతిలో కాగితం ఉండాలి.

బేరంలో నోరు మెదపకపోవడం మోసమవుతుందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు చట్టం రాసినవాళ్లూ సంతవైపే చూశారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ మోసమంటే ఏమిటో చెప్పి, కింద గుర్రం ఉదాహరణలు ఇచ్చింది. గుర్రానికి జబ్బుందని తెలిసీ వేలంలో ఏమీ చెప్పకుండా అమ్మితే అది మోసం కాదు. కొనేది యుక్తవయసుకు అప్పుడే వచ్చిన సొంత కూతురైతే చెప్పి తీరాలి. "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటా" అని కొనేవాడు అన్నాక కూడా అమ్మేవాడు నోరు మూసుకుంటే, ఆ మౌనం మాటతో సమానం. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం కూడా కొన్ని మినహాయింపులతో, చూసుకోవాల్సిన పూచీని కొనేవాడి మీదే పెట్టింది. పాత కారు బేరానికీ ఈ రెండు చట్టాలే పునాది. అందుకే "ఈ బండికి యాక్సిడెంట్ ఏమైనా అయిందా?" అని నోరు తెరిచి అడగడం, ఆ జవాబును వాట్సాప్‌లోనో కాగితం మీదో రాయించుకోవడం వట్టి చాదస్తం కాదు. అడగనివాడికి అమ్మేవాడి మౌనం మీద కేసు నిలబడటం కష్టం.

మోటారు బండ్ల మీద దేశమంతటికీ మొదటి చట్టం 1914లో వచ్చింది. దాని స్థానంలో 1939 చట్టం, దాని తర్వాత ఇప్పుడు నడుస్తున్న 1988 చట్టం. ఎద్దుకు లేనిదొకటి బండికి వచ్చింది: సర్కారు దగ్గర పేరుతో సహా నమోదు. ఆ నమోదు పుస్తకాన్ని ఊళ్లలో ఇప్పటికీ సీ బుక్కు అనే అంటారు, బండి తనిఖీ చేసే అధికారిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. అవుకు వైపు రోడ్డు బండికి విలువ ఎక్కువ. బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు రైలు నడిచింది 2016 ఆగస్టులోనే. అప్పటిదాకా ఈ వైపు మనుషులైనా, కొలిమిగుండ్ల ప్రాంతపు నాపరాళ్లయినా రోడ్డు మీదే కదలాలి. బస్సు, లారీ, జీపు, ట్రాక్టరు ఏదైనా సరే, కొత్తది కొనలేనివాడికి పాతదే దిక్కు.

కొత్తది కొనగలిగినవాడికీ అది దొరికేది కాదు. దశాబ్దాల పాటు మన రోడ్ల మీద కార్లంటే అంబాసిడర్, ఫియట్. డబ్బు కట్టి ఏళ్ల తరబడి వరుసలో నిలబడాలి. స్కూటరుదీ అదే కథ. అలాంటి కరువులో నడిచే పాత బండి ఉన్నవాడే రాజు. కొనేవాడు లోపాలు వెతికితే ఇంకొకడు ఎగరేసుకుపోతాడు. 1983 డిసెంబరు 14న మారుతి 800 రోడ్డెక్కాక, ఆ తర్వాత 1991 ఆర్థిక మార్పులతో కొత్త కంపెనీలు వచ్చాక పరిస్థితి తిరగబడింది. కొత్త బండ్లు విరివిగా దొరికేసరికి పాతవి సంతకొచ్చాయి. ఆ సంత పేరే కన్సల్టెన్సీ. నంద్యాల, కర్నూలు వంటి పట్టణాల్లో మెయిన్ రోడ్డు పక్క రేకుల షెడ్డు, ముందు కడిగి తుడిచిన పది బండ్లు, లోపల టేబుల్ మీద సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు.

ఆ ఖాళీ ఫారాల దగ్గరే ఒక దురాచారం స్థిరపడింది. యాజమాన్యం మారితే అమ్మినవాడు ఫారం 29 ఇవ్వాలి, ఇద్దరూ కలిసి ఫారం 30 ఇవ్వాలి. కన్సల్టెన్సీ నడిపేవాడు వాటి మీద అమ్మినవాడి సంతకాలు పెట్టించుకుని, కొనేవాడి పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంచేవాడు. తన పేరు మీదికి ఒకసారి, కొన్నవాడి పేరు మీదికి మరోసారి మార్పించే ఖర్చు మిగులుతుందని. బండి చేతులు మారుతూ పోయేది, పుస్తకంలో పేరు మాత్రం మొదటివాడిదే. ఇది ఎక్కడికి దారితీస్తుందో 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2007లో అమ్మేసిన కారు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారి 2009లో ప్రమాదం చేసింది. పరిహారం కట్టాల్సింది రికార్డులో యజమానిగా ఉన్నవాడేనని కోర్టు తేల్చింది. డబ్బు తీసుకుని, తాళాలిచ్చి, మరిచిపోయిన మనిషి అతను.

ఈ బజారు గుట్టును లెక్కల్లో విప్పినవాడు అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్. 1970లో అచ్చయిన ఆయన వ్యాసం పాత కార్ల గురించే. బండి లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియనివాడు భయంతో సగటు ధరకు మించి ఇవ్వడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు. చివరికి బజారులో మిగిలేవి ఎక్కువగా చెడ్డవే. మూడు పత్రికలు తిప్పికొట్టిన ఈ వ్యాసానికే ఆయన 2001లో నోబెల్ పంచుకున్నారు. మన దేశపు ఉదాహరణలూ అందులో ఉన్నాయి. బజారు బియ్యంలో కావాలని కలిపిన, అదే రంగు రాళ్లను ఇల్లాలు ఏరుకోవడం వాటిలో ఒకటి.

పాత కారులో రాళ్లు ఏరాలంటే ఎక్కడ చూడాలి? మొదట అందరి కన్నూ పడేది మీటరు మీద. పాత బండ్లలో గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబుల్ మీటరును తిప్పేది. దాన్ని ఊడదీస్తే బండి తిరిగినా అంకె తిరగదు. ఇప్పటి డిజిటల్ మీటరులో అంకె చిప్‌లో ఉంటుంది. తగిన పరికరం తగిలిస్తే లక్ష కిలోమీటర్లు కాసేపట్లో నలభై వేలు అవుతాయి. కానీ మీటరు ఒక్కటే అబద్ధం చెప్పగలదు, బండి మొత్తం చెప్పలేదు. క్లచ్ పెడల్ రబ్బరు గీతలు చెరిగి నున్నబడి, స్టీరింగ్ తోలు అరిగి మెరుస్తూ ఉంటే నలభై వేల మాట నమ్మనక్కర్లేదు. టైరు పక్కగోడ మీద నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైనది. 2021 బండికి 2019 టైరు ఎందుకుందో అడగాలి. ఇరవై వేలే తిరిగిందన్న బండికి నాలుగు టైర్లూ నిరుడే మారి ఉంటే అదీ అడగాలి. అద్దాల మీదా తయారీ గుర్తులుంటాయి, ఒక్క అద్దానిది మాత్రం వేరుగా ఉంటే అది పగిలి మార్చినది. బానెట్ కీలు బోల్టుల మీద రంగు లేచి, పానా గీతలుంటే టింకరింగ్ జరిగింది.

నీళ్లలో మునిగిన బండి ఇంకా మోసకారి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు మునిగింది. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. ఇలాంటి వరద తర్వాత బీమా కంపెనీలు బాగుచెయ్యలేమని తేల్చిన బండ్లు వేలానికి వస్తాయి. విడిభాగాలకు పోవాల్సినవి కొన్ని కడిగించుకుని, సీట్ల గుడ్డలు మార్పించుకుని, దూరపు జిల్లాకు కొత్తగా బయల్దేరతాయి. సీటు బెల్టును చివరిదాకా లాగితే కడపటి జానెడులో బురద మరక దొరుకుతుంది. సీటు కింది పట్టాల తుప్పు, బూటులో కార్పెట్ ఎత్తితే మట్టి వాసన కూడా అంత తేలిగ్గా పోవు.

బండి కాకుండా కాగితమే నకిలీ అయితే? అవుకుకు పొరుగున ఉన్న తాడిపత్రిలో ఇదే పెద్ద కేసయింది. పాత కాలుష్య ప్రమాణమైన బీఎస్-3 బండ్లను 2017 ఏప్రిల్ 1 నుంచి అమ్మకూడదు, రిజిస్టర్ చెయ్యకూడదు అని సుప్రీంకోర్టు ఆ మార్చి 29న ఉత్తర్వు ఇచ్చింది. మిగిలిపోయిన బండ్లను తయారీ కంపెనీ తుక్కు కింద అమ్మింది. అలా తుక్కుగా కొన్నవాటికి నకిలీ ఇన్‌వాయిస్‌లు పుట్టించి, బీఎస్-4గా చూపి, వేల కిలోమీటర్ల అవతల నాగాలాండ్‌లో రిజిస్టర్ చేయించి, అక్కడి నుంచి ఎన్‌ఓసీలతో ఆంధ్రప్రదేశ్‌కు తెచ్చారన్నది అభియోగం. నూట యాభైకి పైగా బండ్లని పోలీసులు చెప్పారు. 2020 జూన్‌లో అరెస్టులు జరిగాయి. 2022 నవంబరులో ఈడీ రూ.22.10 కోట్ల ఆస్తులు జప్తు చేసింది. ఇలాంటి బండి ఇంజను శబ్దం విని మేస్త్రీ పట్టుకోలేడు. చాసిస్ మీద పంచ్ చేసిన నంబరు, పుస్తకంలో నంబరు, కంపెనీ రికార్డులో నంబరు మూడూ కలిసి ఒకే కథ చెబుతున్నాయా అన్నదే అక్కడ పరీక్ష. బయటి రాష్ట్రపు బండి అయితే మరీనూ.

నంబరు ప్లేటు ఒకప్పుడు కొంత చెప్పేది. ఏపీ 21 అంటే కర్నూలు బండి, ఎవరిదో నాలుగు చోట్ల విచారిస్తే తెలిసేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస వచ్చాక ప్లేటు చూసి ఊరు చెప్పే వీలు పోయింది. దానికి బదులు నంబరు కొడితే యజమాని పేరులో కొన్ని అక్షరాలు, రిజిస్ట్రేషన్ తేదీ, ఫైనాన్స్ ఉందో లేదో, బీమా ఎప్పటిదాకా ఉందో ఫోన్‌లో చూపించే ఎంపరివాహన్ వచ్చింది. ఫైనాన్స్ తీరకుండానే బండి అమ్మేసేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. కొన్నాక కంపెనీ మనుషులొచ్చి సీజ్ చేసి తీసుకెళ్తే లబోదిబోమనడమే. అప్పు తీరినట్టు ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా డబ్బంతా ఇచ్చేస్తే కొన్నది బండి కాదు, అప్పు.

ఆన్‌లైన్ వచ్చాక అసలు బండే లేని అమ్మకం మొదలైంది. 2019, 2020 ప్రాంతాల్లో హైదరాబాద్, సైబరాబాద్ సైబర్ పోలీసుల దగ్గరకు ఈ తరహా ఫిర్యాదులు వరుసగా వచ్చాయి. అమ్మకాల సైట్‌లో మంచి కారు ఫొటో, బజారు ధరలో సగం. ఫోన్ చేస్తే అటువైపు మనిషి తాను ఆర్మీలోనో, శంషాబాద్ విమానాశ్రయంలో సీఐఎస్‌ఎఫ్‌లోనో ఉన్నానంటాడు. హఠాత్తుగా బదిలీ అయిందని, కారు ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో ఉందని, పార్కింగ్ రుసుం, ట్రాన్స్‌పోర్టు ఖర్చు ముందు పంపమని అడుగుతాడు. యూనిఫాం ఫొటో, గుర్తింపు కార్డు, ఆర్‌సీ నకలు వాట్సాప్‌లో వస్తాయి, అన్నీ ఎవరివో. ఒకసారి పంపితే జీఎస్టీ అని, ఇంకోసారి గేట్‌పాస్ అని అడుగుతూనే ఉంటాడు. ఈ ముఠాల్లో చాలావాటి మూలాలు రాజస్థాన్‌లోని భరత్‌పూర్, హరియాణాలోని మేవాత్ ప్రాంతాల్లో తేలాయి. అమ్మేవాళ్లనూ వదల్లేదు. "బయానా పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యి" అని కోడ్ పంపి, పిన్ కొట్టించి ఖాతా ఖాళీ చేశారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదన్న ఒక్క ముక్క తెలియక పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ.

సంతకూ దీనికీ తేడా ఇక్కడుంది. తెలివితేటల్లో భరత్‌పూర్ కుర్రాడు పాతకాలపు దళారిని మించినవాడేమీ కాదు. కానీ సంతలో చూపు ముందు, బయానా తర్వాత. ఆన్‌లైన్‌లో ఆ వరస తలకిందులైంది. కాడికి కట్టి చూసే అవకాశం లేదు, వచ్చే వారం అదే చెట్టుకింద నిలబడే మనిషి లేడు. ఉన్నది ఇంకెవరి పేరు మీదో తీసిన సిమ్ కార్డు. చవక ధర, తొందర, ముందు డబ్బు, ఈ మూడూ కలిస్తే బండి చూడకుండానే చేతులు వెనక్కి తీసుకోవచ్చు. అప్పటికే డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత త్వరగా చేస్తే దొంగ ఖాతాలో సొమ్ము ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఖాళీ ఫారాల వ్యాపారానికి కేంద్రం 2022 డిసెంబరులో ఒక కట్టడి తెచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ నిబంధనల ప్రకారం పాత బండ్లు కొని అమ్మే డీలరు రవాణా శాఖ దగ్గర అధీకృత పత్రం తీసుకోవాలి. అది అయిదేళ్లు చెల్లుతుంది. యజమాని బండిని అతనికి అప్పగించినట్టు పోర్టల్‌లో తెలియజేశాక, మళ్లీ అమ్ముడయ్యే దాకా ఆ బండికి డీలరే యజమానిగా లెక్క. ఈలోగా అది ప్రమాదం చేసినా, నేరంలో దొరికినా అడగాల్సింది అతన్నే. కన్సల్టెన్సీకి వెళ్లినవాడు ఆ పత్రం చూపించమని అడగవచ్చు. ఇంటి దగ్గర నేరుగా యజమాని చేతి నుంచి కొనే బండికి మాత్రం ఈ ఏర్పాటు వర్తించదు. అక్కడ 1988 చట్టంలోని 50వ సెక్షనే ఆధారం: రాష్ట్రంలోపల అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. పుస్తకంలో పేరు మారేదాకా కొంత సొమ్ము అట్టే పెట్టుకుని, మిగతాది ఇచ్చి రశీదు రాయించుకునే అలవాటు నంద్యాల జిల్లా పల్లెల్లో పాత ట్రాక్టర్లు కొనేవాళ్లలో ఇప్పటికీ ఉంది. కారుకూ అదే పద్ధతి పనికొస్తుంది.